ఎవ్వరు కొనని దినాల చీరలు

ఏందే వైష్ణవీ, పొద్దటి సంది ఆ ఫోన్ల మునిగినవు, ఏం జూస్తున్నవ్? చీరలా? ఎవరికి? మీ వదినెకు, మీ చిన్నమ్మకా. ఎల్లుండి దసరా పెట్టుకొని ఇయ్యాల జూస్తున్నవు, మంచిగుంది. జర ఇటు తిప్పు, అద్దాలు పెట్టుకోనీ. ఆ, మంచిగనే ఉన్నయి. ఈ కింద ఎర్రగ రాసిందేంది? రేపటికే తెచ్చియ్యాల్నంటే ఇంకో నూటయాభై ఎక్కువనా? అంటే చీరకు చీర పైసలు, తొందరకు తొందర పైసలు. మీ వదినె చీర కట్టుకుంటది సరే, తొందర ఎవరు కట్టుకుంటరు? నవ్వకు. మా అత్త ఇది చూసిందంటే ఆ పటంలకెళ్లి దిగొచ్చి నీ ఫోను జొన్నల గుమ్మిల ఏసి మూత పెడుతది.

మా అత్తంటే ఎవరనుకున్నవ్, బాలనాగమ్మ. మీ తాతను కన్నతల్లి, నీకు ముత్తవ్వ. నువ్వు పుట్టకముందే పోయింది, నీకు ఆ పటమే తెలుసు. పటంల మూతి బిగవట్టుకొని ఉన్నది, కోపిష్టిదేమో అనుకుంటవు. కోపం కాదు, చలి. ఫోటో దిగనీకె ముసురువానల పోయింది తల్లి. ఎందుకంటే పెండ్లిళ్ల కాలంల ఫోటోలాయన ఎక్కువ అడుగుతడు, ముసురుల ఆయన కొట్లకు కాకి కూడ రాదు, అడిగినంతకు దింపుతడు. దగ్గరికి పోయి చూడు, చీర కుచ్చిళ్లు మోకాళ్లదాంక తడిసి ఉంటయి. నలభై ఏండ్ల సంది తడిసే ఉన్నయి.

ఆమె తరీక అది. ఏ వస్తువైనా సరే, అందరు కొనేనాడు కొనదు. చలికాలంల గొడుగు కొంటది, నడెండకాలంల గొంగడి కొంటది. రోకండ్లు పగిలే ఎండల గొంగడి భుజం మీద ఏసుకొని బజార్ల నడుస్తుంటే పిల్లలు ఎనకబడి నవ్వేటోళ్లంట. జములమ్మ జాతర అయిపోయిన తెల్లారి, గాజులోళ్లు బండ్లు కట్టుకుంటుంటరు చూడు, అప్పుడు పోతది. వాళ్లకు ఆ బరువు మల్ల ఊర్ల పొంటి మోసుకపోనీకె మనసొప్పదు. ఏడాదికి సరిపోయే గాజులు ఒక్క మాటకు తెస్తది. మరి కొలతెట్లంటవా? ఆమెకు చదువు రాదు గాని కొలతలన్నీ చేతిలనే ఉండె. గిట్ల చూడు, నాలుగు వేండ్లు ముడిచి గాజు తొడిగితే అది తెలకపల్లి ఆడబిడ్డ కొలత. బొటనేలు కూడ కలిపి తొడిగితే సోమశిల ఆడబిడ్డది. రెండు వేండ్లు ఇడిచిపెడితే చిన్నది, అయిజ ఆమెది. ఒక్కనాడు తప్పలే. ఇరుగుపొరుగోళ్లు ఊకుంటరా, "బాలనాగమ్మ లగ్గం కాకముందే పురుటికి బెల్లం దంచే రకం" అనెటోళ్లు. ఆమె ఇనేది, ఇని, "దంచిన బెల్లం చెడిపోతదా?" అనేది. గంతే.

నేను కొత్తకోడలుగ వచ్చినప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. అప్పుడే పంతులమ్మ నౌకరీ వచ్చింది. ఆ కాలంల చదువుకున్న కోడలంటే ఇంటి ముంగట మోటరు సైకిలున్నట్టు, అందరు వచ్చి చూసి పోయేటోళ్లు. నాకు కూడ జర ఎచ్చులుండె, ఎందుకబద్ధం. మా అత్తకు చదువు చెప్పాల్ననుకున్న. పలక తెచ్చిన. ఆమె పలక దిక్కు చూసి, నా దిక్కు చూసి, "ఎంతకు కొన్నవ్?" అన్నది. చెప్పిన. "బళ్లు తెరిచే నెలల కొన్నవు గద. ఎండకాలం సెలవులల్ల కొంటే సగానికొస్తుండె" అన్నది. గట్ల నా మొదటి పాఠం నాకే చెప్పింది.

ఇగ అసలు ముచ్చట చీరలది. మతిల పెట్టుకో, ఎందుకంటే ఎన్కట ఒక్క చీరల మూట తోని మా ఇల్లు ముక్కలయ్యేదుండె. మా మామ పేరు బాలకిష్టయ్య. పొలం తప్ప ఇంకో ముచ్చట తెల్వని మనిషి. ఆయనకు ముగ్గురు చెల్లెండ్లు, ఇందాక గాజులల్ల చెప్తి చూడు, తెలకపల్లి, సోమశిల, అయిజ. పేర్లతోని పిలిచేటోళ్లు తక్కువ, ఊర్లతోనే పిలుస్తుంటిమి. వాళ్ల అమ్మ చిన్నదానికి మూడేండ్లప్పుడే సచ్చిపోయింది. ఇగ అన్ననే అమ్మ. తలలు దువ్వి జడలేసి పెంచిండంట మా మామ, మొగోడు జడలేసుడు ఎన్నడన్న చూసినవా? అందుకని దసరాకు ముగ్గురు రావాలె, చీర పెట్టించుకోవాలె, అన్న చేతిల జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కాలె. అది కాంగనే ఆయనకు పండుగైనట్టు. ఏ ఏడాదన్న ఒక్కామె రాలేదంటే ఆయన ఆ దినం బువ్వ తినకపోవు. అర్థమైంది గద. ఆ చీరలు ఉత్త చీరలు కావు.

ఆ చీరలు ఎక్కడ కొనాలె? మన గద్వాలల కొదువనా, అడుగుకొక మగ్గం. మా అత్త నర్సింహులు దగ్గర కొంటుండె. కోట వెనక సందుల వాళ్ల ఇల్లు, గుమ్మం దాటంగనే మగ్గం గుంత. నడుమ నూలు, అంచుకు పట్టు, కొంగుకు జరీ. ఆయన భార్యది రాయిచూరు దిక్కు, రా, కూసో అననీకె కన్నడంల "బర్రి అక్కా, కూడ్రి" అని పీట ఏస్తుండె. మంచి మనుషులు. కానీ దసరా పది దినాలుందనంగ పోతే నర్సింహులు కూడ మున్నూరు చెప్పేటోడు. చెప్పడా మరి, వాకిట్ల పదిమంది నిలబడి ఉంటిరి.

ఇప్పుడు బడిల చెప్పినట్టు చెప్త, ఫోను పక్కకు పెట్టు. దసరా ముందల అమాస వస్తది, పెత్రమాస అంటం. ఆ అమాసకు ముందటి పదిహేను దినాలు పెద్దల దినాలు. అంటే మనింట్ల సచ్చిపోయినోళ్లు వచ్చి, మనం ఎట్లున్నమో చూసి పోయే దినాలు. ఆ దినాలల్ల ఎవ్వరు లగ్గం మాట ఎత్తరు, కొత్త బట్ట కొనరు, కొత్త చెంబు కూడ కొనరు. ఎందుకు కొనరు? అవి సచ్చినోళ్ల దినాలు, అప్పుడు కొన్నది బతికినోళ్లకు కీడు అని. ఇగ అమాస దాటిన తెల్లారి చూడు గద్వాల బజారు, ఇసుకేస్తే రాలదు. మరి ఆ పదిహేను దినాలు నర్సింహులు ఇంట్ల ఏముంటది? నేసిన చీరలు మడతల మీద మడతలు, కొనేటోడు ఒక్కడు లేడు. పట్టు తెచ్చినోనికి ఇయ్యాలె, పిల్లలకు పెట్టాలె.

ఆ, నువ్వు కనిపెట్టినవ్. ఆ ఏడు సక్కగ ఆ దినాలల్లనే పోయింది మా అత్త. పెత్రమాస ఇంక నాలుగు దినాలుందనంగ, మిట్టమధ్యాహ్నం, అందరు తిని ఒరిగిన యాళల, నన్ను తోలుకొని పోయింది. ఎందుకు పోతున్నమో నాకు చెప్పలే. "సంచి పట్టుకో, మాట్లాడకు" అన్నది. నర్సింహులు మగ్గం ఆపి మా దిక్కు దయ్యాలను చూసినట్టు చూసిండు. "అక్కా, ఈ దినాలల్లనా?" అన్నడు. మా అత్త పీట మీద కూసొని నిమ్మలంగ, "నర్సింహులూ, అందరు పోయేనాడు అంగడికి పోతే అంగడి మనల కొంటది. ఎవ్వరు పోనినాడు పోతే మనం అంగడిని కొంటం" అన్నది. రెండు నూర్లకొక చీర, మూడు చీరలు. పైంగ ఆమె ఉత్తగ కొనలే, వాళ్ల ఇంటి పిల్లలకని కుంచెడు జొన్నలు సంచి అడుగున పెట్టి తెచ్చింది, అవి ఇచ్చి వచ్చింది. నర్సింహులు భార్య కండ్లు తుడుచుకున్నది. బేరం బేరమే, మనిషి మనిషే, గట్లుండె ఆమె.

తెచ్చి ఆ చీరలు ఎక్కడ పెట్టింది? సందుకల పెడితే మా మామ చూస్తడు. జొన్నల గుమ్మిల, పాత పంచెల చుట్టి, వేపాకు ఏసి, జొన్నల నడుమ పాతిపెట్టింది. నాకు ఒట్టు పెట్టలే, బెదిరియ్యలే. "నిన్ను ఎవ్వరు అడగరు, నువ్వు ఎవ్వరికి చెప్పకు" అన్నది. నేను సరే అన్న. అడగకపోతే చెప్పకపోవుడు అబద్ధం కాదు గద అని నాకు నేనే సర్దిచెప్పుకున్న. నువ్వు నమ్మవు గాని బిడ్డా, ముప్పై ఆరేండ్ల నౌకరీల పిల్లల ముంగట ఒక్క అబద్ధమాడలే నేను. ఆ పిచ్చి అప్పుడు ఇంకా ఎక్కువుండె.

దసరా మూడు దినాలుందనంగ ముగ్గురు వచ్చిన్రు. తెలకపల్లామె నాగర్‌కర్నూలు మీదికెళ్లి, వనపర్తి మీదికెళ్లి బస్సులు మారి, మాట మాత్రం ఎక్కడ మారకుండ, వచ్చింది, దిగిన కాంచి వదినె పొయ్యి ఊదే తరీకకు కూడ వంకలు పెట్టుకుంటనే ఉన్నది. సోమశిలామె కృష్ణ చేపలు ఎండబెట్టినవి తెచ్చింది, ఇల్లంత వాసన. చిన్నామె, అయిజామె, ఐదు నెలల కడుపు తోని వచ్చింది. అంతకుముందు ఒకటి నిలవలే పాపం, అందుకని అందరు ఆమెను గాజుబొమ్మను చూసినట్టు చూస్తుంటిరి. మా అత్త చీరలు తీసి పెట్టింది. ఆకుపచ్చది పెద్దామెకు, వంకాయ రంగుది నడిపామెకు, పసుపుపచ్చది చిన్నామెకు. ముగ్గురు మురిసిన్రు. తెలకపల్లామె కూడ వంక పెట్టలే, గంతకంటె ఏం గావాలె?

అక్కడికి ఆగితే ఈ ముచ్చటే లేకపోవు. తెల్లారి ముగ్గురు బజారుకు పోయిన్రు, రైక బట్టలకని. పోయేటోళ్లు సక్కగ పోవాలె గద, నర్సింహులు ఇంటి ముంగటికెళ్లి పోయిన్రు. ఆయన బాలకిష్టయ్య చెల్లెండ్లని గుర్తుపట్టి లేచి నిలబడి దండం పెట్టిండంట. పెట్టి, "మీ వదినె సల్లగుండాలె అమ్మా. పెద్దల దినాలల్ల మనిషి పొడ లేనప్పుడు వచ్చి, మూడు చీరలు కొని, మా పొయ్యి ఎలిగించింది" అన్నడంట. పొగిడిండు బిడ్డా. కడుపునిండ పొగిడిండు. శత్రువు కూడ అంత నష్టం చెయ్యడు.

ఇగ చూడు. వచ్చిన్రు ముగ్గురు, చెప్పులు కూడ ఇడవలే. మూడు చీరలు తెచ్చి నులక మంచం మీద పడేసిన్రు. తెలకపల్లామె గొంతు ఈ సందు కాంచి జములమ్మ గుడి దాంక ఇనబడుతది మామూలుగనే, ఆనాడు నదవతలికి ఇనబడ్డది. సచ్చినోళ్ల దినాలల్ల కొన్న చీర బతికిన ఆడబిడ్డకు పెడుతవా, అది కూడ కడుపుతోనున్నదానికి పెడుతవా, పైసలకు ఇంత ఆశనా అని. సోమశిలామె గుంజకు ఒరిగి ముక్కు చీదుతున్నది. చిన్నామె కడుపు మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డది. నాకు ఆ చెయ్యే ఇప్పటికి కండ్లల్ల ఉన్నది. మా మామ పొలం కాంచి అప్పుడే వచ్చిండు, తువ్వాల తోని మొఖం తుడుచుకుంట తలుపుకాడ ఆగిపోయిండు.

మా అత్త మాత్రం చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంటనే, "నర్సింహులుకు దినాల లెక్క ఏం తెలుసు? మగ్గం గుంతల కూసున్నోనికి పున్నమేది, అమాసేది?" అన్నది. తెలకపల్లామె ఏం తక్కువదా, నా దిక్కు తిరిగింది. నేను రొట్టె కాలుస్తున్న. "కోడలా, నువ్వు బడిల పిల్లలకు నిజం చెప్పాల్నని చెప్తవు గద. నువ్వు చెప్పు. ఈ చీరలు ఎన్నడు కొన్నరు?" అన్నది.

నా చేతిల రొట్టె మాడుతున్నది, వాసన వస్తున్నది, తిప్పనీకె చెయ్యి రాదు. మా అత్త దిక్కు చూసిన. ఆమె నా దిక్కు చూడలే, ఈనెలే తీస్తున్నది. ఆ దినాలల్ల కాదంటే ఒక్క మాట, ఇల్లు నిలబడుతది. అవునంటే ముగ్గురు మధ్యాహ్నం బస్సుకు పోతరు, జమ్మి పెట్టకుండ పోతరు, ఇగ మల్ల వస్తరో రారో, మా మామ ఏమైతడో. మరి నా గతి జూడు, ఆ వారమే బడిల నల్లబల్ల మీద పెద్దపెద్ద అక్షరాలల్ల రాసొచ్చిన, నిజమే పలకవలెను అని. సుద్దముక్క దుమ్ము ఇంక గోర్లల్ల ఉన్నట్టే ఉండె. ఏం జేస్త?

చెప్పేసిన. "పెత్రమాసకు నాలుగు దినాల ముందుగాల" అన్న.

ఒక కోడి మంచం కిందికెళ్లి నడుచుకుంట పోయింది, దాని కాళ్ల సప్పుడు ఇనబడ్డది. తెలకపల్లామె సంచి అందుకున్నది. మా మామ గడప మీద కూలబడ్డట్టు కూసున్నడు, తువ్వాల తోని మొఖం మూసుకున్నడు. నేను సచ్చిన అనుకున్న.

అప్పుడు లేచింది మా అత్త. చేతులు చీరకు తుడుచుకున్నది. మంచం మీది చీరలు ఒక్కొక్కటే మడత సాపు చేసింది, నిమ్మలంగ. అప్పుడన్నది, "కోడలు నిజం చెప్పింది. పెద్దల దినాలల్లనే కొన్న. మీ అమ్మకు పెట్టెటి చీరలు పెద్దల దినాలల్ల కొనక, హోళీకి కొంటరా?"

మీ తరానికి తెల్వదు గాని, మన ఇండ్లల్ల కొత్త బట్టలు ముందుగాల పెద్దల పటం ముంగట పెట్టి, ఊదు పొగ ఏసి, వాళ్లు కట్టుకున్నట్టనుకొని, తర్వాత మనం కట్టుకుంటం. అది అందరికి తెలిసిందే. కానీ పెద్దలకు పెట్టేటివి పెద్దల దినాలల్లనే కొనాల్నన్న మాట మాత్రం అంతకుముందు ఈ భూమి మీద ఎవ్వరు అనలే. మా అత్త నోట్లనే ఆ పొద్దు పుట్టింది. తెలకపల్లామె సంచి పట్టుకున్న చెయ్యి అట్లనే ఆగింది.

మా అత్త ఆగలే. ఇగ గొంతు జర తగ్గించి, "ఇన్నేండ్ల సంది మీరు నా చేతి చీరలే కట్టిన్రు. మీ అమ్మ మీకు చీర పెట్టేదాంక బతకలే. చిన్నది ఆమె మొఖం పటంల తప్ప ఎరగదు. అందుకని ఈ ఏడు పెత్రమాస నాడు ఆమెకే పెట్టి తెచ్చిన. ఇవి నేను పెట్టినవి కాదు, మీ అమ్మ పెట్టినవి. వద్దంటే చెప్పుండ్రి, నా దగ్గర పెట్టుకుంట" అన్నది.

నేను చెప్పలేను బిడ్డా. సోమశిలామె గొల్లుమన్నది. మా మామ తువ్వాల తియ్యలే, భుజాలు ఎగురుతున్నయి, ఏడుస్తుండో నవ్వుతుండో తెల్వదు. చిన్నామె ఏం చేసిందనుకున్నవ్? ఉన్న చీర మీదనే ఆ పసుపుపచ్చ చీర చుట్టుకున్నది, కడుపు మీదికెళ్లి రెండు చుట్లు, గట్టిగ. ఇగ తెలకపల్లామె ఊకుంటదా? సంచి కింద పెట్టింది, కండ్లు తుడుచుకున్నది, తుడుచుకున్నదో లేదో, "వదినా, పటం ముంగట ఏది మీద ఉండె?" అన్నది. అమ్మకు దగ్గరగ ఉన్నది పెద్దదానికి రావాలె గద అని. సోమశిలామె ఏడుపు ఆపి, వంకాయ రంగుదే నడుమ ఉండొచ్చు, అమ్మకు నడిపిదంటేనే ప్రాణమంట అన్నది. ఇగ మొదలైంది. పావుగంట ముందు ముట్టమన్న చీరల కోసం పావుగంట తర్వాత గుంజుకుంటున్నరు. మా అత్త రెప్ప కొట్టకుండ, "మూడు పక్కపక్కన పెట్టిన, ముగ్గురికి ఒక్కటే పొగ తగిలింది" అన్నది. కొంచెం నీళ్లియ్యి తల్లీ, నవ్వితే నాకు దగ్గొస్తది.

ఆ. అందరు తిననీకె కూసున్నంక వంటింట్ల నేను మెల్లగ అడిగిన. "అత్తమ్మా, నేను పెత్రమాస నాడు పొద్దంత ఇంట్లనే ఉంటి. నువ్వు పటం ముంగట చీరలు పెట్టంగ నేను చూడలేదు" అన్న. ఆమె పులుసు ఒంపుకుంట, "గుమ్మి ఏ గోడకున్నది?" అన్నది. నడిమింటి గోడకు అన్న. "ఆ గోడకు అవతలి మొఖాన ఎవరి పటమున్నది?" ఆమె అత్త పటమే ఉన్నది. "మరి. అందరు ఒక్క పూట పెడుతరు, నేను పది దినాలు పెట్టిన" అన్నది. "ఊదు పొగ?" అన్న నేను, పంతులమ్మను గద, ఇడవను. "వేపాకు ఏసిన గద" అన్నది. ఇగ ఏమంటవు?

దసరా నాడు జమ్మి పెట్టుకున్నరు, మొక్కిన్రు, మా మామ మూడు రొట్టెలు ఎక్కువ తిన్నడు. అంతా మంచిగైంది. కానీ అసలు దెబ్బ తర్వాత తగిలింది మా అత్తకు. జమ్మి కాడ ఊరంత ఉంటరు గద, తెలకపల్లామె కొంగు పరిచి చూపెట్టి ఒక్కొక్కరికి చెప్పింది, మా అమ్మ పెట్టిన చీర, పెద్దల దినాలల్ల కొని పెద్దలకు పెట్టి తెచ్చిన చీర అని. ఆమె గొంతు నీకు చెప్పిన గద. ఆ ఏడు మాఘంల చిన్నామెకు పిల్లగాడు పుట్టిండు, నాలుగు శేర్ల బరువు, పుట్టంగనే వీధి అదిరేటట్టు ఏడ్చిండు. ఎవరనుకున్నవ్, మన ఉమేష్ మామనే. నీకు బండి నేర్పినోడు. ఇగ చెప్పాల్నా? అందరు ఏమన్నరు, అది ఆ చీర మహిమ అన్నరు.

ఆ తర్వాతి ఏడు పెత్రమాస ఇంక నాలుగు దినాలుందనంగ, మిట్టమధ్యాహ్నం, నేను, మా అత్త, సంచి పట్టుకొని పోయినం. నర్సింహులు వాకిట్ల ఇరవై మంది ఆడోళ్లున్నరు. మా సందుల గొంగడి చూసి నవ్వినోళ్లు, బెల్లం దంచే రకం అన్నోళ్లు, అందరు. "పెద్దలకు పెట్టనీకె" అంటున్నరు. నర్సింహులు భార్యకు "బర్రి" అననీకె కూడ తీరిక లేదు. చీర మున్నూట ఇరవై. మా అత్త అట్లనే నిలబడ్డది. నుదురు కొట్టుకున్నది. "నా నోట్ల మన్ను పొయ్య, నా దినాలు నేనే అమ్ముకుంటి కోడలా" అన్నది. నేను నవ్వు ఆపుకోలేక పక్క గోడ చాటుకు పోయి నవ్విన, సంచి నోట్ల కుక్కుకొని.

నర్సింహులు మరువలే గాని. ఆ పండుగకు ముందే ఒక చీర, మిరపపండు రంగుది, తెచ్చి మా అత్త చేతిల పెట్టిండు. పైసలొద్దన్నడు. నీ మాట తోని మాకు సచ్చిన దినాలు బతికినయి అక్కా అన్నడు. ఆయన పోయినంక ఆమె, "ఒక్క చీర ఇచ్చి, బతుకంత బేరం కొంచవోయిండు" అన్నది. అన్నది గాని, ఆ చీర ఏం చేసిందో తెలుసా? నన్ను పిలిచింది. నడిమింట్ల వాళ్ల అత్త పటం ముంగట, గోడకు ఈ మొఖాన, నిజంగ, పీటేసి పెట్టింది. నిప్పులల్ల ఊదు ఏసింది, ఇల్లంత పొగ. చాలాసేపు మొక్కింది. పెదవులు కదులుతుండె, ఏం చెప్పుకుంటున్నదో నేను అడగలే. లేచి, "చూసినవు గద. ఎవరన్న అడిగితే చెప్పు" అన్నది. ఎవ్వరు అడగలే. ఇన్నేండ్లకు నువ్వు కూడ అడగలే, నేనే చెప్పిన.

ఏందీ? మరి తర్వాత ఎప్పుడు కొనేదంటవా? గట్ల అడుగు, ఇప్పుడు పాఠం పడ్డది నీకు. ఆమె ఊకుంటదా. ఒక ఏడాది అంత చూసింది, ప్రతి నెల నర్సింహులు ఇంటికి నీళ్లకు పోయినట్టు, మజ్జిగకు పోయినట్టు పోయి వచ్చింది, వాకిట్ల చెప్పులు లెక్కపెట్టింది. మల్ల పట్టింది. ఏడాదిల ఇంకో ఐదు దినాలున్నయి, ఆ దినాలల్ల ఈ గద్వాలల చీర అడిగేటోళ్లు ఉండరు, ఎందుకు ఉండరో అంటే నీకు నవ్వొస్తది. ఈసారి మాత్రం మా మామకు కూడ చెప్పలే. ఆఖరికి దవాఖానల మంచం మీద, మాట సన్నగయినంక, నన్ను వొంగమని చెవుల చెప్పింది. ఒక్కదానికే చెప్పు, అది కూడ తొందర పైసలు కట్టే రకమైతేనే చెప్పు, అన్నది. పోయిన దీపావళికి నీకు పెట్టిన పట్టంచు ఓణీ ఉన్నది చూడు, మస్తుగున్నది నానమ్మా ఎంత అంటివి, నేను చెప్పలే. అది ఆ ఐదు దినాలల్లదే. మీ వదినెకు, మీ చిన్నమ్మకు వచ్చే ఏటివి కూడ కొనిపెట్టిన, బియ్యం డబ్బాల ఉన్నయి, ఇప్పుడే తియ్యకు. ఆ ఫోన్లది కొట్టెయ్యి ముందుగాల. ఈ ఏడుకు అవే పెట్టు. కొట్టేసినవా? చూపెట్టు. ఆ. ఇప్పుడు ఇట్ల దగ్గరికి రా, ఇంకా దగ్గరికి. ఆ ఐదు దినాలు ఎప్పుడంటే, ఉగాది అయిపోయినంక...

ఆ, గీతా, రా రా, తలుపు తీసే ఉన్నది. కూసో. పండుగ సామాను తెచ్చుకున్నవా? ఏం లేదమ్మా, మా పిల్లకు ఎక్కాలు చెప్తున్న. డిగ్రీ పిల్లకు ఎక్కాలేందంటవా, ఏం జెయ్యాలె, ఈ ఫోన్లు వచ్చినంక అన్నీ మరిచిపోతున్నరు. ఊ, వైష్ణవీ, గీత పిన్ని వచ్చిందని సిగ్గుపడకు, చెప్పు. పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెండ్ల?